మా రిపోర్టులోని ఎర్ర గడికి బహిరంగ లేఖ

మా నెలవారీ రిపోర్టు, డి కాలమ్ వాస్తవ్యులు ఎర్ర గడి గారికి,

విజయవాడ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమంగా లేము. మీరు మాత్రం నిగనిగలాడుతూ క్షేమంగా ఉన్నారని ప్రతి నెలా అయిదో తారీఖున కళ్ళారా చూస్తూనే ఉన్నాం.

పై వరసలో ‘గారు’ ఉత్తరం మర్యాద కోసం పెట్టింది. ఇక్కణ్ణుంచి నువ్వనే అంటాను. పన్నెండేళ్ళుగా ఒకే తెర దగ్గర ఎదురుబొదురుగా కూర్చున్నవాళ్ళ మధ్య మన్ననలెందుకు?

నలుగురి ముందూ చదివే ఉత్తరం కాబట్టి ముందు నువ్వెవరో చెప్పాలి. మాది ఎరువులు, పురుగుమందులు అమ్మే వ్యాపారం. పాత కృష్ణా జిల్లాలో ఆరు ఏరియాలు: అవనిగడ్డ, గుడివాడ, జగ్గయ్యపేట, మచిలీపట్నం, నూజివీడు, తిరువూరు. ఏరియాకొక సేల్స్ ఆఫీసరు. నెల తిరగ్గానే వాళ్ళ లెక్కలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించి హైదరాబాదు పంపడం నా పని. ఎ కాలమ్‌లో ఏరియా, బి లో ఆఫీసరు పేరు, సి లో టార్గెట్, డి లో అమ్మకం, ఇ లో శాతం, ఎఫ్ లో డీలర్ల దగ్గర నిలిచిపోయిన బాకీ. అమ్మకం టార్గెట్‌లో 95 శాతానికి తగ్గితే ఎరుపు, 95కీ 100కీ మధ్య ఉంటే పసుపు, వంద దాటితే ఆకుపచ్చ. ఈ ఏర్పాటు పేరు కండిషనల్ ఫార్మాటింగ్. అంటే షరతు మీద రంగు. పక్క గడిని చూసి ముఖం రంగు మార్చుకునే జాతివి నువ్వు.

షరతు మీద రంగు మారడం మా ఇళ్ళలో కొత్తేమీ కాదు. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడుతుంది. ఆకూ వక్కా సున్నం ఒకచోట చేరితే నోరు పండుతుంది. గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని ఆడపిల్లలకు ఆశపెట్టిన మాటలోనూ ఒక షరతు, ఒక రంగు ఉన్నాయి. ఆ ఎరుపులు చూసి ఎవరూ బెదరలేదు. మా తాతగారి కొట్లో చిట్టా, ఆవర్జా పుస్తకాలకు ఎర్రగుడ్డ అట్టలుండేవి, మొదటి పేజీలో పసుపూ కుంకుమా పెట్టేవారు. 2019 జూలైలో నిర్మలా సీతారామన్ గారు బడ్జెట్ కాగితాలను తోలుపెట్టెలో కాకుండా ఎర్రగుడ్డలో చుట్టి తెచ్చినప్పుడు, మా నాన్న టీవీ ముందు కూర్చుని "అదిగోరా మన ఆవర్జా" అన్నాడు. ఎరుపు అట్ట వరకే. లోపలంతా నల్ల సిరా. లాభమో నష్టమో తెలియాలంటే కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని చదవాల్సిందే. నువ్వొచ్చాక ఎరుపు పుస్తకం లోపలికొచ్చింది, చదవడం బయటికి పోయింది.

నీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. 1979లో వచ్చిన విజికాల్క్‌లో నీ వాసనే లేదు. ఎక్సెల్‌లోకి 97 వెర్షన్‌తో అడుగుపెట్టావు. అప్పట్లో ఒక గడికి మూడు షరతులే అని హద్దుండేది. 2003 వెర్షన్ దాకా ముగ్గురు పిల్లలతో సరిపెట్టుకున్న సంసారం నీది. 2007లో ఆ హద్దు ఎత్తేశారు. గడి లోపల పట్టీలు, బాణాలు, ట్రాఫిక్ లైట్లు, ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా జారే రంగుల మెట్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఆ తర్వాత రిపోర్టుకూ తిరునాళ్ళలో గాజుల కొట్టుకూ తేడా లేకుండా పోయింది.

నా ఫిర్యాదు భాషతో మొదలుపెడతాను. తెలుగువాడికి పచ్చ ఒకటి కాదు. పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పచ్చని పొలమంటే ఒక రంగు, పచ్చని మేనిఛాయ అంటే ఇంకో రంగు, పచ్చకామెర్లు సరేసరి. ఓ నెలాఖరున హైదరాబాదు నుంచి మా జోనల్ మేనేజర్ గారి ఫోన్.

"ఏమయ్యా, గుడివాడ పచ్చలోకొచ్చిందా?"

"వచ్చింది సార్."

"శభాష్!"

గుడివాడ వచ్చింది పసుపుపచ్చలోకి, 97 శాతంతో. ఆయన చెవిన పడింది ఆకుపచ్చ. పైవాళ్ళకు టార్గెట్ అయిపోయిందని మాటిచ్చేశారు. రిపోర్టు చేతికందాక మళ్ళీ ఫోన్: "పచ్చ అన్నావు కదయ్యా!" "పచ్చే సార్, పసుపుపచ్చ." ఎంత శాతమని అడిగి ఉంటే ఒక్క ముక్కలో తేలిపోయేది. తొంభై ఏడుకు రెండు అర్థాలుండవు.

అది నవ్వుకుని వదిలేశాం. నవ్వలేనిది ఇంకొకటుంది, ఈ ఉత్తరానికి అసలు కారణం అదే.

ఒక నెల పైనుంచి కొత్త కోరిక వచ్చింది. అమ్మకం గడి ఒక్కటే కాదు, ఎ నుంచి ఎఫ్ దాకా వరస వరసంతా రంగు పడాలి, మీటింగు హాల్లో ఆఖరి కుర్చీకి కూడా కనబడాలి అన్నారు. సంబంధమున్న గడులన్నిటికీ ఒకే రంగు వెయ్యాలంటే షరతును ఫార్ములాగా రాయాలి. రెండో వరసలో డి అంకె, సి అంకెలో 95 శాతం కన్నా తక్కువా కాదా అని అడగాలి. కాలమ్ అక్షరం ముందు డాలర్ గుర్తు పెడితే ఆ కాలమ్ బిగుసుకుంటుంది. వరస అంకె ముందు పెట్టకూడదు, అది కిందికి జారుతూ పోవాలి. డాలర్ మర్చిపోతే ఎ గడి సి, డి లనే పోలుస్తుంది గానీ, బి గడి ఒక అడుగు పక్కకు జరిగి డి, ఇ లను పోలుస్తుంది, సి గడి ఇ, ఎఫ్ లను. డాలర్ల కోసం కన్నబిడ్డల్ని సముద్రాలు దాటించినవాళ్ళం, ఆ గుర్తు మర్చిపోతానా? పెట్టాను. పొరపాటు వేరేచోట జరిగింది.

మౌస్‌తో గడులను ఎంచుకునేటప్పుడు పైనున్న శీర్షిక వరస కూడా కలిసిపోయింది. ఎంపిక ఒకటో వరసలో మొదలైంది, ఫార్ములా రెండో వరస గురించి అడుగుతోంది. తేడా ఒక్క మెట్టే. దాంతో ఒకటో వరస రెండోదాని రంగు తొడుక్కుంది, రెండోది మూడోదాని రంగు తొడుక్కుంది, అలా చివరిదాకా ప్రతివాడి ఒంటి మీదా కిందివాడి చొక్కా. అవనిగడ్డ మీద గుడివాడ రంగు. మచిలీపట్నం మీద నూజివీడు రంగు. నూజివీడు మీద తిరువూరు రంగు.

ఆ నెల మచిలీపట్నం 103 శాతం. నూజివీడు 81. తిరువూరు 108. రివ్యూ మీటింగులో తెర మీద మచిలీపట్నం ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్రగా మండుతోంది. నూజివీడు ఆకుపచ్చగా చల్లగా ఉంది. మచిలీపట్నం ఆఫీసరు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని కుర్రాడు.

"ఏం తమ్ముడూ, బీచ్‌లో గాలి బాగా తగులుతోందా?" అన్నారు మేనేజర్ గారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కుర్రాడు లేచి నిలబడ్డాడు. "సారీ సార్. వచ్చే నెల కవర్ చేస్తాను" అన్నాడు.

103 అన్న అంకె ఆ ఎరుపు మధ్యలోనే ఉంది, ఎవరూ దాచలేదు. ఆఖరికి శీర్షిక వరస కూడా రంగేసుకుని కూర్చుంది. ‘టార్గెట్’ అన్న మాట టార్గెట్ చేరడమేమిటి, తప్పడమేమిటి? అది కూడా ఎవరం అడగలేదు.

ఆ సాయంత్రం నూజివీడు ఆఫీసరు ఫోన్ చేశారు. నా ఈడువాడే, నెమ్మదస్తుడు. "గురువు గారూ, ఒక చిన్న సందేహం. ఆ కుర్రాడిది నూట మూడు కదా, అన్ని మాటలెందుకు పడ్డాడు? నాది ఎనభై ఒకటి, నన్నెవరూ ఏమీ అనలేదేం?"

షీట్ తెరిచాను. ఒళ్ళు చల్లబడింది. "మరి మీటింగులోనే అడక్కపోయారా?" అన్నాను.

"అందరికీ అక్కడ ఇంకేదో కనబడుతోంది, నాకే కనబడట్లేదు కాబోలు అనుకున్నానండీ. మీ ఎరుపూ మీ ఆకుపచ్చా నాకు ఒకటే బురద రంగు. కుర్రతనంలో రైలింజను నడపాలని కలగన్నాను. పరీక్ష పాసయ్యాక కళ్ళ డాక్టరు చుక్కల పుస్తకం చూపించి ఇంటికి పంపేశాడు. అందుకే నేను అంకెలే చదువుతాను."

ఆ చుక్కల పుస్తకం జపాను డాక్టరు ఇషిహారా 1917లో తయారుచేసింది. దానికి శతాబ్దం ముందే, 1794లో, ఇంగ్లండులో జాన్ డాల్టన్ తనకు కొన్ని రంగులు అందరిలా కనబడటం లేదని గమనించి సభలో ఒక వ్యాసం చదివాడు. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టనే. చచ్చాక తన కళ్ళు పరీక్షించమని చెప్పిపోయాడు. ఆ కంటి ముక్క మిగిలి ఉంటే 1995లో డీఎన్ఏ పరీక్ష చేసి, ఆకుపచ్చను పట్టే వర్ణద్రవ్యం ఆయనకు లేదని తేల్చారు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో సుమారు 12 మందిలో ఒకరికి ఈ ఎరుపూ ఆకుపచ్చలతోనే పేచీ. మన దగ్గర ఆ పాళ్ళు తక్కువే అయినా, ఒక పెద్ద మీటింగు హాల్లో ఒక్కడైనా ఉండే అవకాశం బాగానే ఉంది. ఇక మా ఆఫీసు ప్రింటర్ అయితే నలుపు తెలుపే. దాంట్లో నీ లేత ఎరుపూ నీ తమ్ముడి లేత ఆకుపచ్చా బూడిద పూసుకున్న కవలల్లా బయటికొస్తాయి. లోకంలో ఇన్ని రంగులుండగా, ఎక్కువమందికి కలగాపులగమయ్యే జంటనే ఏరి మరీ తీర్పులు చెప్పడానికి పెట్టుకున్నాం.

ఆ మీటింగులో రిపోర్టు చదివిన ఒకే ఒక్కడు రంగులు కనబడనివాడు. ఈ మాట నీకు నొప్పిగానే ఉండొచ్చు. మాకు అంతకన్నా ఎక్కువ నొప్పి.

రాత్రి పదింటికి కుర్రాడికి ఫోన్ చేశాను. "బాబూ, తప్పు నీది కాదు, నాది" అని జరిగింది చెప్పాను. "అవునా సార్!" అన్నాడు, తర్వాత గొంతు తగ్గించి, "రూముకొచ్చాక డీలర్ల బిల్లులన్నీ ముందేసుకుని మళ్ళీ కూడుకున్నానండీ. మూడుసార్లు కూడినా నూట మూడే వస్తోంది. నాకు కూడికే రావట్లేదేమో అనుకున్నా" అన్నాడు.

తన చేతిలో ఉన్న బిల్లుల కన్నా వాడు నిన్ను నమ్మాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను, నీకు ఉత్తరం రాయాలని.

నీకు తెలివి లేదు, విధేయత ఒక్కటే ఉంది. ఖాళీ గడిని చూస్తే సున్నా అనుకుంటావు. జూన్‌లో ఏడాది షీట్ తెరిస్తే జూలై నుంచి మార్చి దాకా అన్నీ ఎరుపే. ఇంకా రాని నెలల్లో ఇంకా అమ్మని సరుకుకు శిక్ష. అదే సున్నా టార్గెట్ వైపు పడితే? టార్గెట్టే పెట్టని కొత్త ఏరియా ఒక్క బస్తా అమ్మినా ఆకుపచ్చగా ఊరేగుతుంది. ఒక్కోసారి టార్గెట్లను వేరే సాఫ్ట్‌వేర్ నుంచి దింపినప్పుడు అంకెలు అక్షరాలుగా దిగుతాయి. చూడ్డానికి అంకెలే, కాకపోతే గడిలో కుడివైపు కాక ఎడమవైపు ఒదిగి కూర్చుంటాయి. ఎక్సెల్ ధర్మశాస్త్రంలో ఎంత పెద్ద అంకైనా అక్షరం కన్నా చిన్నదే. కాబట్టి టార్గెట్ దాటాడా అని నేరుగా పోల్చమంటే, కోటి రూపాయలమ్మినా దాటలేదనే అంటావు.

నీ చుట్టం ఆ రంగుల మెట్ల వరస ఇంకా ఘనుడు. ఉన్నవాళ్ళలో ఆఖరివాడికి ఎరుపు, మొదటివాడికి ఆకుపచ్చ అన్నదే వాడి నీతి. క్లాసులో అందరికీ తొంభై దాటినా ఆఖరివాడి చెవి మెలిపెట్టే మాస్టారు. ఒకసారి ఎవరో ఫార్మాట్ కుంచెతో వాణ్ణి అమ్మకాల కాలమ్ నుంచి బాకీల కాలమ్‌కు లాగారు. ఎక్కువుంటే మంచిదని నేర్చుకున్నవాడు కదా, అందరికన్నా ఎక్కువ బాకీ పేరుకున్న జగ్గయ్యపేటకు మెరిసే ఆకుపచ్చ కట్టబెట్టాడు.

ఇవి చేతి పొరపాట్లు, దిద్దుకోవచ్చు. దిద్దాక కూడా మిగిలేది ఒకటుంది. ఫార్ములా సరిగ్గా ఉండి, డాలర్ సరిగ్గా ఉండి, వరస సరిగ్గా ఉండి కూడా నువ్వు అబద్ధమాడతావు. ఎందుకంటే నీకు సంబంధమంటే పక్కనే ఉండటం. అమ్మకం పక్కన టార్గెట్ ఉంది గనుక దాన్నే చూస్తావు. వ్యాపారంలో అసలు చుట్టరికాలు అలా పక్కపక్కన కూర్చోవు.

అవనిగడ్డ సంగతే తీసుకో. డెల్టా వరి ఏరియా. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదలాలి, నారుమళ్ళు పొయ్యాలి, నాట్లు పడాలి, అప్పుడు గదా ఎరువు బస్తా కదిలేది. మా వాళ్ళేమో ఏడాది టార్గెట్‌ను పన్నెండుతో భాగించి నెలనెలా సమానంగా పంచేశారు. దాంతో అవనిగడ్డ మే నెలలో ఎర్రబడుతుంది, ఆగస్టులో పచ్చబడుతుంది, ప్రతి ఏడూ. అమావాస్యనాడు చంద్రుడు డ్యూటీకి రాలేదని మెమో ఇచ్చినట్టు, ప్రతి మే నెలలోనూ ఆ ఆఫీసరును నిలబెట్టి సంజాయిషీ అడుగుతాం. ఆ మే గడికి అసలు చుట్టం పక్కనున్న టార్గెట్ కాదు, పోయినేడు మే నెల అమ్మకం. అది వేరే ఫైల్లో నిద్రపోతోంది.

గుడివాడ కథ ఇంకోటి. ఓ ఆగస్టులో ఎర్రబడింది. ఆఫీసరుకు అక్షింతలు పడ్డాయి. గోడౌన్ షీట్ తెరిచి చూస్తే యూరియా నిల్వ సున్నా. సరుకు తెచ్చే రైలు, అదే రేక్, రాలేదు. డీలర్లు లారీలు పెట్టుకుని ఎదురు చూస్తున్నారు, అమ్మడానికి బస్తా లేదు. సరుకు పంపాల్సింది పైవాళ్ళు. ఆ సున్నా గడి మాత్రం స్వచ్ఛంగా, తెల్లగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది. దొంగ ఒకడు, చెట్టుకు కట్టేసింది ఇంకొకణ్ణి. ఇందులో నీ తప్పు కొంతే. ఎక్సెల్ 2007 దాకా ఇంకో షీట్‌లోని గడి వైపు నేరుగా చూసే వీలే నీకు లేదు. 2010 వెర్షన్‌తో ఆ కన్ను తెరిచారు. మేమే నీ తల అటు తిప్పలేదు. తిప్పితే ఎరుపు కిందివాడి గడిలో నుంచి లేచి పైవాడి గడిలో కూర్చుంటుంది కదా!

చిన్నా పెద్దా తేడా కూడా నీకు లేదు. 50 వేల టార్గెట్‌కు 30 వేలు అమ్మిన చిన్న మందు ఎర్రగా అరుస్తుంది, మీటింగులో అరగంట దాని మీదే. పోయింది 20 వేలు. 2 కోట్ల టార్గెట్‌లో 96 శాతం వచ్చిన ఎరువు పసుపుగా నవ్వుతూ దాటిపోతుంది. అక్కడ పోయింది 8 లక్షలు. అరిచినవాడిది అరగంట, మింగినవాడిది అర నిమిషం.

రంగంటేనే నాకు గిట్టదనుకోకు. గిట్టే రంగులూ ఉన్నాయి. మా దగ్గర గోదావరి పొంగితే భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడు మెట్లు, మూడు షరతులు, పాత ఎక్సెల్ లాగే. కానీ అక్కడ ఎవరూ "భద్రాచలం ఎర్రబడిందట" అనరు. "నలభై ఎనిమిది దాటింది" అంటారు. అంకె ముందు నోట్లో ఉంటుంది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని ఆ ఊళ్ళో అడిగితే ఇప్పటికీ చెబుతారు. ఒక్కో మెట్టుకూ ఒక్కో పని కట్టి ఉంటుంది: చాటింపు వెయ్యడం, పడవలు సిద్ధం చెయ్యడం, లోతట్టు జనాన్ని కదిలించడం. వాతావరణ శాఖ వాళ్ళ నాలుగు రంగులూ అంతే. ఆకుపచ్చకు హెచ్చరిక లేదు, పసుపుకు గమనిస్తూ ఉండండి, నారింజకు సిద్ధంగా ఉండండి, ఎరుపుకు కదలండి. రంగు వెనకాల క్రియాపదం ఉంది. నీ వెనకాల ఏముంది? ఎరుపు చూశాక మా మీటింగులో జరిగే పని ఒకటే, ఎవడో లేచి సారీ చెప్పడం.

గోదావరికి 43 ఎందుకో ఎవరైనా అడగొచ్చు. ఆ మట్టానికి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ ఊరికి తెలుసు. మరి నీ 95 ఎక్కడిది?

ఈ ప్రశ్న నాది కాదు. పోయినేడు అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి అమాయకంగా అడిగింది. "సార్, ఈ తొంభై అయిదు ఎవరు పెట్టారండీ? ఎందుకు?" నోటికొచ్చిన జవాబు "పైనుంచి వచ్చిందమ్మా" అని. ఆ మాట అన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. పైనుంచి రాలేదు.

పన్నెండేళ్ళ కిందట ఈ రిపోర్టు మొదటిసారి తయారుచేసినప్పుడు హద్దు 90 పెట్టాను. అది కూడా ఊహించి పెట్టిందే. ఆరు ఏరియాల్లో ఒక్కటే ఎర్రబడింది. అప్పటి బ్రాంచి మేనేజర్ గారు చూసి, "ఏంటయ్యా, రిపోర్టు చప్పగా ఉంది, కాస్త ఎరుపు కనబడాలి" అన్నారు. పప్పులో కారం చాల్లేదన్నట్టు అన్నారు. నేను వెళ్ళి 90 కొట్టేసి 95 కొట్టాను. ఎరుపు మూడైంది. "ఆఁ, ఇప్పుడు రిపోర్టులా ఉంది" అన్నారు. ఆయన ఎప్పుడో రిటైరయ్యారు. ఆ అయిదు శాతం మాత్రం షరతు లోపల, గడి వెనకాల, ఎవరికీ కనబడకుండా ఇన్నేళ్ళూ ఉద్యోగం చేస్తూనే ఉంది. ఎంతమంది నిలబడ్డారో, ఎన్ని ఇంక్రిమెంట్లు ఆగాయో నేను లెక్క పెట్టలేదు. దానికి కాలమ్ లేదు.

ఎర్ర గడీ, నీ మీద కోపంతో మొదలుపెట్టిన ఉత్తరం ఇది. ఇంత దూరం వచ్చాక చూస్తే తిట్టేది నా దస్తూరీనే. నువ్వు అంకెవి కావు, తీర్పువి. కోర్టులో తీర్పు కింద జడ్జి సంతకం ఉంటుంది. నీ కింద సంతకం లేదు, అందుకే నీ మాటకు అంత బలం. మనిషి "నువ్వు తగ్గావు" అంటే కుర్రాడు "లేదండీ, ఇవిగో బిల్లులు" అని వాదించేవాడే. రంగుతో ఎవడు వాదిస్తాడు?

అందుకని ఈసారి షరతులు నీకు పెడుతున్నాను. వరస వరసంతా పూసుకోవడం మాని, ఒక్క శాతం గడిలోనే ఉండు. మిగతా గడులు చదువుకునేవాళ్ళకు వదిలెయ్. నీ హద్దు ఇక ఫార్ములా కడుపులో దాక్కోదు. షీట్ నెత్తిన అందరికీ కనబడే ఒక గడిలో ఉంటుంది, పక్కనే దాన్ని ఎవరు, ఏ తేదీన, ఎందుకు పెట్టారో రాసి ఉంటుంది. నువ్వు ఆ గడిని చూసి నడుచుకో. ఖాళీ కనబడితే రంగెయ్యకు, అక్కడితో ఆగు. ఆ షరతు అన్నిటికన్నా పైన పెట్టాను. టార్గెట్‌తో పాటు పోయినేడు ఇదే నెలనూ చూడు. గోడౌన్ షీట్‌లో నిల్వ సున్నా అయితే ముందు అక్కడ వెలుగు, అమ్మకం మీద తర్వాత. ఎరుపూ ఆకుపచ్చా జోడీ రద్దు, ఇక నారింజా నీలమూ. నూజివీడు ఆయనకు చూపించి ఒప్పించుకున్నాను. ఆయన ఒక్కటే అడిగారు: "రంగు ఏదైనా పెట్టుకోండి గురువు గారూ, పక్కన ఒక మాట కూడా రాయండి." అందుకని జి కాలమ్ ఒకటి తెరిచాను. ఎందుకు తగ్గింది, ఎవరు ఏం చెయ్యాలి అని ఒక్క వాక్యం. అది రాయనిదే నీకు రంగు పడదు. ఇదే నీ అసలు షరతు.

హద్దు గడి పక్కన పేరు రాయాల్సి వచ్చినప్పుడు కాసేపు చెయ్యి ఆగిన మాట నిజం. తర్వాత నా పేరే రాశాను.

కొత్త పద్ధతిలో మొదటి రిపోర్టు మే నెలది. అయిదో తారీఖు పొద్దున్నే హైదరాబాదు నుంచి ఫోన్.

"ఏమయ్యా, షీట్ ఇలా తెల్లగా ఉందేంటి? అవనిగడ్డ ఏ రంగు?"

"రంగు లేదు సార్. పక్కన రాశాను, చదవండి."

అవతల ఏదో గొణుగుడు. తర్వాత కళ్ళజోడు పెట్టె తెరిచిన చప్పుడు. "కాలువకు... ఇంకా నీళ్ళు... రాలేదు" అని ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నారు జోనల్ మేనేజర్ గారు.

ఇట్లు,
నీ షరతు రాసినవాడు